మానస్‌బల్: పేరును కాపాడుకున్న సరస్సు

మానవునికి లభించిన తొలి విద్య ఏది? దివ్యఖుర్ఆన్ ఈ ప్రశ్నకు స్పష్టమైన సమాధానం ఇస్తున్నది. అల్లాహ్ హజ్రత్ ఆదం (అలైహిస్సలాం)కు సమస్త వస్తువుల పేర్లు నేర్పాడని రెండవ సూరా 31వ వాక్యం తెలుపుతున్నది. దైవదూతలకు సైతం తెలియని ఆ పేర్లను ఆదం వినిపించారు. అంటే ఒకదాన్ని దాని పేరుతో గుర్తించగలగడం మానవునికి దక్కిన ఘనత. మనం ప్రయాణాలు చేస్తాము, కొండలూ నదులూ చూసి వస్తాము. కానీ చూసిన చోటు పేరుకు అర్థమేమిటో, ఆ పేరును ఎవరు పెట్టారో, ఎవరు నిలిపారో అడిగి తెలుసుకోవడం అరుదు. ఈ వ్యాసంలో కాశ్మీరు లోయకు ఉత్తరాన ఉన్న ఒక చిన్న సరస్సును, దాని భూగోళాన్నీ పేరునూ ఆధారంగా చేసుకొని పరిచయం చేయదలచాము.

శ్రీనగర్‌కు వెళ్ళిన యాత్రికులు సాధారణంగా దాల్ సరస్సు, మొగల్ తోటలు, గుల్‌మర్గ్, సోన్‌మర్గ్ చూసి తిరుగుముఖం పడతారు. నగరానికి వాయవ్యంగా సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, గాందర్‌బల్ జిల్లాలో ఉన్న మానస్‌బల్ వరకు వెళ్ళేవారు తక్కువ. మేము జూలై మాసంలో వెళ్ళాము. తామరలు విరిసే కాలం అదే. కాశ్మీరీ భాషలో తామరను పంపోష్ అంటారు. పద్మం, పుష్పం అన్న రెండు సంస్కృత పదాలు కలిసి అరిగి ఏర్పడిన మాట అది. కుంకుమపువ్వుకు ప్రసిద్ధి చెందిన పాంపోర్ పట్టణం పేరు కూడా ఒకప్పటి పద్మపురమే.

దారిలో ఎదురయ్యే పేర్లు

మానస్‌బల్‌కు వెళ్ళే దారుల్లో ఒకటి షాదీపుర్ మీదుగా సాగుతుంది. అక్కడ జీలం నదిలో సింధ్ అనే ఉపనది కలుస్తుంది. ఈ సింధ్ మనం పాఠాల్లో చదువుకున్న సింధు మహానది కాదు. సోన్‌మర్గ్ వైపు మంచుకొండల నుండి దిగివచ్చే వేరొక నది. పేరు ఒకటే కావడం వల్ల పొరపాటు పడేవారు చాలామంది. ఇక జీలం అన్నది పటాల్లో మనకు కనిపించే పేరు. కాశ్మీరీలు తమ నదిని వ్యెథ్ అంటారు. ప్రాచీన గ్రంథాల్లోని వితస్త అన్న పేరు శతాబ్దాలుగా నోళ్ళలో నాని అలా మిగిలింది.

షాదీపుర్ కథ మరింత ఆసక్తికరం. రెండు నదులు కలిసే చోటు కనుక 'షాదీ' అంటే పెళ్ళి జరిగిన ఊరు అని అర్థం చెప్పేవారున్నారు. వినడానికి ఇంపుగానే ఉంటుంది. కానీ చరిత్రకారులు చూపిన మూలం వేరు. పద్నాలుగవ శతాబ్దంలో కాశ్మీరును ఏలిన సుల్తాన్ షిహాబుద్దీన్ పేరిట ఏర్పడిన షిహాబుద్దీన్‌పుర్, వాడుకలో కుదించుకొని షాదీపుర్ అయింది. రాజు పేరును జనం మరచారు. ఆ ఖాళీలో నదుల పెళ్ళిని నిలిపారు. పేరు ఒకసారి అర్థం కోల్పోతే జనం దానికి కొత్త అర్థాన్ని వెతుక్కుంటారనడానికి ఇదొక మంచి ఉదాహరణ.

కొండల నడుమ నీటి గిన్నె

మానస్‌బల్ పెద్ద సరస్సు కాదు. దాని వైశాల్యం సుమారు 2.8 చదరపు కిలోమీటర్లు. సముద్రమట్టానికి సుమారు 1,580 మీటర్ల ఎత్తులో ఉన్నది. ఉత్తరాన బలదార్ పర్వతాలు, దక్షిణాన అహతంగ్ కొండలు, తూర్పున కరేవా అని పిలిచే ఎత్తైన మెట్టభూములు దాన్ని చుట్టి ఉన్నాయి. ఈ కరేవాల మట్టిని పరిశీలించిన భూగర్భ శాస్త్రజ్ఞులు, ఒకప్పుడు కాశ్మీరు లోయలో విస్తారమైన సరస్సు ఉండేదని, దాని అడుగున పేరుకున్న ఒండ్రే నేటి కరేవాలకు ఆధారమని వివరిస్తారు. అంటే మానస్‌బల్ ఒడ్డున నిలబడి తూర్పుకు చూసినప్పుడు, ఎండిపోయిన ఒక మహా సరస్సు అడుగును మనం చూస్తున్నామన్నమాట.

విస్తీర్ణంలో చిన్నదైనా లోతులో ఇది లోయలోని సరస్సులన్నింటినీ మించినది. గరిష్ఠ లోతు సుమారు 13 మీటర్లు. సరస్సుకు ప్రధానమైన ఆధారం అడుగున ఉబికే ఊటలు. వాటికి తోడు తూర్పు వైపున సింధ్ నది నుండి వచ్చే లార్ కుల్ అనే కాలువ నీరు చేరుతుంది. నిండిన నీరు పడమటి వైపున ఒక చిన్న కాలువగా సాగి సుంబల్ వద్ద జీలంలో కలుస్తుంది. పడవ అంచు మీదుగా చేయి ముంచినప్పుడు జూలై ఎండలోనూ కొన్నిచోట్ల వేళ్ళు జివ్వుమన్నాయి. ఊటలున్న చోట్లు అవేనని పడవవాడు చెప్పాడు.

ఈ లోతు వల్ల సరస్సులో ఒక విశేషమైన ఏర్పాటు జరుగుతున్నది. వేసవిలో ఎండ తగిలి పై నీరు వేడెక్కుతుంది. వేడి నీరు తేలిక కనుక పైనే నిలుస్తుంది. అడుగు నీరు చల్లగా, బరువుగా కింద ఉండిపోతుంది. మధ్యలో తెర కట్టినట్లు ఈ రెండూ కలవవు. శరత్కాలం ముగిసి పై నీరు చల్లబడిన తరువాత మాత్రమే సరస్సు మొత్తం ఒకసారి కలగలిసి, అడుగు నీటికి మళ్ళీ ప్రాణవాయువు అందుతుంది. దాల్ వంటి లోతు తక్కువ సరస్సుల్లో గాలి వీచినప్పుడల్లా నీరు కలిసిపోతుంది. మానస్‌బల్ మాత్రం ఏడాదికి ఒక్క పర్యాయం, చలికాలంలోనే ఊపిరి పీల్చుకుంటుంది. ఈ విషయాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలని కోరుతున్నాము. దీని అవసరం ముందు వస్తుంది.

మానస్, బల్

ఇప్పుడు పేరు సంగతి. 'మానస్' అన్నది టిబెట్‌లో కైలాస పర్వతం దగ్గర ఉన్న మానస సరోవరాన్ని తలపించే మాట. ఆ సరోవరం 4,500 మీటర్లకు పైగా ఎత్తులో, సుమారు 410 చదరపు కిలోమీటర్ల మేర పరచుకొని ఉన్నది. దాని పేరును ఇంత చిన్న నీటికి పెట్టినవారు బహుశా నిర్మలత్వాన్ని చూసి పెట్టి ఉంటారు. మనస్సు నుండి వచ్చిన మాట కనుక తేటదనాన్ని అది సహజంగానే సూచిస్తుంది.

'బల్' అన్నది కాశ్మీరీ మాట. చోటు అని, ప్రత్యేకించి నీటి ఒడ్డున ఉన్న చోటు అని అర్థం. ఊరివారు నీళ్ళకు దిగే రేవును యార్‌బల్ అంటారు. దాల్ ఒడ్డున తెల్లని పాలరాతి గుంబజుతో మెరిసే ప్రసిద్ధ మస్జిదు ఉన్న చోటు హజ్రత్‌బల్. అరబీ భాష నుండి వచ్చిన గౌరవపదం 'హజ్రత్'. దాని పక్కన కాశ్మీరీ 'బల్' నిలిచింది. సంస్కృత 'మానస్' పక్కన కూడా అదే 'బల్' నిలిచింది. ఒకే ఒడ్డు మాట రెండు సంప్రదాయాలకూ ఆతిథ్యమిచ్చింది.

సరస్సు చుట్టూ ఉన్న మూడు ఊళ్ళ పేర్లూ 'బల్'తోనే ముగుస్తాయి. అవి జరోక్‌బల్, గ్రట్‌బల్, కొండబల్. కాశ్మీరీలో నీటితో తిరిగే పిండిమరను గ్రటు అంటారు. గ్రట్‌బల్ అన్న పేరులో ఆ మర చప్పుడు వినిపిస్తుంది. కొండబల్ అన్న పేరు వినగానే తెలుగువారి చెవికి 'కొండ' తగులుతుంది. ఎదురుగా కొండ కూడా కనిపిస్తుంది కాబట్టి అర్థం తేలిపోయిందని మాలో కొందరు సంతోషించారు. కానీ అది మన కొండ కాదు. ఆ ఊరు సున్నపు బట్టీలకు పేరుపడినది, పేరుకు బట్టీల చోటనే అర్థం చెబుతారు. చుట్టుపక్కల కొండల్లో సున్నపురాయి దొరుకుతుంది. దాన్ని కాల్చి సున్నం చేసే పని ఇక్కడ చిరకాలంగా సాగింది. పరాయి నేల పేరును మన భాషతో కొలవరాదన్న పాఠం మాకు ఆ విధంగా దొరికింది.

పాలించినవారు మారినా

కాశ్మీరులో ఇస్లాం పద్నాలుగవ శతాబ్దంలో వేళ్ళూనుకున్నది. మీర్ సయ్యద్ అలీ హమదానీ వంటి మహనీయులు వచ్చి బోధించారు. తరువాతి శతాబ్దంలో 1420 నుండి 1470 వరకు సుల్తాన్ జైనుల్ ఆబిదీన్ పాలించాడు. ప్రజలు నేటికీ ఆయనను బుడ్‌షాహ్, అంటే పెద్ద రాజు అని తలచుకుంటారు. ఆయన కొలువులో సంస్కృత పండితుడు జోనరాజు చరిత్ర రాశాడు. మహాభారతం, రాజతరంగిణి ఆయన ఆదరణతోనే పారశీకంలోకి వెళ్ళాయి. కాలువలు తవ్వించడంలో ఆయనకు ఆయనే సాటి. సింధ్ నీటిని మానస్‌బల్ పక్కనున్న సఫాపుర్ పొలాలకు మళ్ళించిన కాలువ ఘనతను కూడా చరిత్ర ఆయనకే ఇస్తున్నది. అంతటి సుల్తాన్ తలచుకొంటే సరస్సుకు తన పేరు పెట్టుకోవచ్చు. దగ్గరలోని ఊలర్ సరస్సులో ఆయన కట్టించిన ద్వీపానికి జైన లంక్ అన్న పేరు నిలిచింది కూడా. కానీ అది ఆయన కొత్తగా కట్టించినది. ఉన్న సరస్సు పేరు మాత్రం ఉన్నట్లే ఉండిపోయింది.

ఆ తరువాత 1586లో కాశ్మీరు మొగలుల వశమైంది. సరస్సు ఉత్తరపు ఒడ్డున మెట్లుమెట్లుగా ఉన్న తోటను నూర్ జహాన్ పేరుతో చెప్పుకుంటారు. దాని పేరు ఝరోఖా బాగ్. ఝరోఖా అంటే గోడ నుండి ముందుకు వచ్చిన కిటికీ. తోటలో నిలబడి చూస్తే పేరు ఎంత చక్కగా అమరిందో తెలుస్తుంది. సరస్సు మొత్తం కిటికీలోంచి చూసినట్లు కనిపిస్తుంది. పక్కనున్న జరోక్‌బల్ పేరులోనూ ఆ మాట ధ్వనిస్తున్నది. చినార్ చెట్ల నీడలో మేము అక్కడే జుహర్ నమాజు చేసుకున్నాము.

సరస్సు అంచున సగం నీటిలో మునిగి ఉన్న ఒక చిన్న రాతి ఆలయం ఉన్నది. అది సుమారు తొమ్మిదవ శతాబ్దం నాటిదని పరిశీలకుల అంచనా. ఆలయం, తోట, కాలువ అన్నీ ఒకే నీటి చుట్టూ, ఒకదాన్నొకటి తొలగించకుండా నిలిచాయి.

ఇందులో ఇస్లామీయ దృష్టికి విరుద్ధమైనది ఏమీ లేదు. దైవప్రవక్త (స) చెడు అర్థం వచ్చే పేర్లను మార్చారు, మంచి అర్థమున్న పేర్లను ప్రోత్సహించారు. అయితే మక్కా, సఫా, మర్వా, ఉహుద్ వంటి స్థలాల పేర్లు పూర్వం నుండి ఉన్నవే. వాటిని ఆయన అలాగే పలికారు, పలకనిచ్చారు. మానవులను జాతులుగా, తెగలుగా చేసినది పరస్పరం తెలుసుకొనడానికేనని ఖుర్ఆన్ 49వ సూరా బోధిస్తున్నది. తెలుసుకోవడం పేరుతోనే మొదలవుతుంది. ఆరు శతాబ్దాలకు పైగా ఈ ఒడ్డున అజాన్ వినిపిస్తున్నది. అదే ఆరు శతాబ్దాలుగా ఇక్కడి ముస్లింలు తమ పిల్లలకు మానస్‌బల్ అన్న పేరే నేర్పుతున్నారు. ఆ పేరు పలకడం వల్ల వారి విశ్వాసానికి లోటు రాలేదు.

హైదరాబాదు వాసులకు ఇది కొత్త సంగతి కాదు. ఇబ్రాహీం కుతుబ్ షా కాలంలో, హుస్సేన్ షా వలీ పర్యవేక్షణలో తవ్విన చెరువును మనం హుస్సేన్ సాగర్ అంటాము. ముందుది అరబీ పేరు, వెనుకది సంస్కృత పదం. ఆ రెండింటినీ విడదీయాలని జనానికి ఎన్నడూ తోచలేదు.

పడవవాని మాట

మమ్మల్ని తిప్పిన పడవవాడు అరవై దాటిన పెద్దమనిషి. కాశ్మీరీలో పడవను 'నావ్' అంటారని ఆయన చెప్పగా విని, మా భాషలోనూ నావ అంటామని చెబితే ఆయన ముఖం వికసించింది. మేము ఉర్దూలో అడిగాము:

"చాచా, మానస్‌బల్ అంటే ఏమిటని మీ పెద్దలు చెప్పేవారు?"

"మా తాత మానస్‌బల్ అనేవాడు. ఆయన తాతా అదే అని ఉంటాడు. అర్థం చదువుకున్నవాళ్ళు చెప్పాలి, జనాబ్. పేరును మాత్రం మేము పోగొట్టలేదు" అన్నాడాయన.

తామరాకుల మధ్య నుండి పడవ నడుపుతూ ఆయన తన బ్రతుకు గురించి చెప్పుకొచ్చాడు. పూలు యాత్రికులకు, తూళ్ళు ఊరివారికి అన్నాడు. నీటి అడుగున బురదలో పెరిగే తామర తూడును నద్రూ అంటారు. చలి మొదలయ్యాక పొడవాటి కర్రకు కొక్కెం కట్టి, పడవ మీద నిలబడి దాన్ని పైకి లాగుతారు. చేతులు కొంకర్లు పోయే పని అది. పెరుగుతో వండిన నద్రూ యఖ్నీ లేని విందు కాశ్మీరులో విందనిపించుకోదు. సరస్సు ఆ విధంగా ఎన్నో ఇళ్ళ పొయ్యి వెలిగిస్తున్నది.

"మరి నీళ్ళు మునుపటిలాగే ఉన్నాయా?" అని అడిగాము.

ఆయన వెంటనే జవాబివ్వలేదు. తెడ్డుతో ఒక పక్కన తేలుతున్న ప్లాస్టిక్ సీసాను దగ్గరికి లాగి, తీసి పడవ అడుగున వేసుకున్నాడు. అక్కడ అప్పటికే అయిదారు సీసాలున్నాయి.

"నా చిన్నప్పుడు ఇక్కడి నీళ్ళే దోసిలితో తాగేవాణ్ణి. ఇప్పుడు నా మనవణ్ణి తాగవద్దంటున్నాను. పేరు అదే, జనాబ్. నీళ్ళే అవి కావు."

కదలని నీటి గురించిన హెచ్చరిక

ఆ మాట మమ్మల్ని వదలలేదు. సరస్సు చుట్టూ ఇళ్ళు పెరిగాయి, వాటి మురుగు పల్లానికే దిగుతుంది. తోటలకు, పొలాలకు వేసిన ఎరువు వానతో కొట్టుకువస్తుంది. ఆ పోషకాలతో నాచు, కలుపు విపరీతంగా పెరుగుతాయి. అవి చచ్చి అడుగుకు చేరి కుళ్ళేటప్పుడు అక్కడి ప్రాణవాయువును హరిస్తాయి. మానస్‌బల్ ఏడాదికి ఒక్కసారే ఊపిరి పీల్చుకుంటుందని పైన చెప్పుకున్నాము. వేసవిలో మనం చేర్చిన మలినం చలికాలం దాకా ఆ అడుగున బందీగా ఉండిపోతుంది. ప్రవహించే నది కొంత క్షమిస్తుంది. నిలిచిన నీరు అన్నీ దాచుకుంటుంది.

దైవప్రవక్త (స) కదలకుండా నిలిచి ఉన్న నీటిలో మూత్ర విసర్జన చేయరాదని ప్రత్యేకంగా వారించారు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్నది. నీటి రేవుల వద్ద, జనం నడిచే దారిలో, నీడపట్టున మలవిసర్జన చేయడం శాపం తెచ్చే పనులని అబూ దావూద్ గ్రంథంలోని మరో హదీసు హెచ్చరిస్తున్నది. అరేబియా ఎడారిలో పలికిన ఆ మాటలు యార్‌బల్ ఉన్న ప్రతి ఊరికీ వర్తిస్తాయి. ఒక వ్యక్తి చేసే చిన్న పని గురించే అంత హెచ్చరిక ఉంటే, వీధులకు వీధులు, బస కేంద్రాలు తమ మురుగును సరస్సులోకి వదలడం గురించి ఏమనుకోవాలి? ప్రాణమున్న ప్రతిదాన్నీ నీటి నుండే సృజించినట్లు అల్లాహ్ 21వ సూరాలో తెలుపుతున్నాడు. నీరు మన ఆస్తి కాదు, మన చేతికి ఇచ్చిన అమానతు.

ఇది కాశ్మీరీల మీద వేసే నింద కాదు. ఆ సీసాలను ఒడ్డున విడిచినది మన వంటి యాత్రికులే. ఇక మన ఇంటి సంగతి చూసుకుంటే, ఒకప్పుడు హైదరాబాదుకు తాగునీరు ఇచ్చిన హుస్సేన్ సాగర్ ఒడ్డున ఈనాడు ముక్కు మూసుకొని నడుస్తున్నాము. మహనీయుని పేరు దానికి నిలిచే ఉన్నది. ఆ పేరుకు తగిన నీరు మాత్రం నిలవలేదు. పేరు మారితే వీధికెక్కి వాదించుకునే మనం, నీరు మారుతుంటే మౌనంగా ఉండిపోవడం ఏ పాటి న్యాయం?

మానస్ అంటే మనస్సు. దైవాన్ని మరచి చేసిన ప్రతి పాపం హృదయం మీద ఒక నల్లని మచ్చగా మిగులుతుందని, పశ్చాత్తాపంతో అది తొలగిపోతుందని హదీసులు చెబుతున్నాయి. సరస్సు విషయమూ అంతే. మచ్చను తుడిచే దారి ఇంకా మూసుకుపోలేదు. ఊటలు ఇప్పటికీ ఉబుకుతున్నాయి. మురుగును ఆపితే, కాలువలను శుభ్రంగా ఉంచితే, ప్రతి చలికాలం ఆ నీరు తనను తాను తిప్పుకొని కొత్త ఊపిరి తీసుకొనే ఏర్పాటు సృష్టికర్తే చేసి పెట్టాడు.

పిల్లలతో ప్రయాణమయ్యే తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. చూసిన ప్రతి నదికీ చెరువుకూ స్థానికులు పిలిచే పేరేమిటో పిల్లల చేత అడిగించండి. ఆ పేరును వారి నోట సరిగా పలికించండి. తరువాత, మనం కూర్చున్న ఒడ్డును మనం వచ్చేటప్పటి కంటే శుభ్రంగా విడిచి రావడం నేర్పండి. ఆదం సంతతికి పేర్లు నేర్పిన ప్రభువు, ఆ పేర్లు మోస్తున్న వాటిని కాపాడే బుద్ధిని కూడా మనకు ప్రసాదించుగాక! ఆమీన్.